చెవి మేస్త్రికి వినపడని ఈల

నర్సమ్మ కారును తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డు ముందు వదిలారు. మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ బయటికి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద దుమ్ము అట్టలు కట్టింది. టైర్లు పక్కల నెర్రెలిచ్చాయి. అద్దాల రబ్బర్లు వేలు తగిలితే చాలు పొడిపొడిగా రాలుతున్నాయి. నర్సమ్మ చేతికర్ర మీద ఆనుకుని, ఆసుపత్రిలో మనిషిని చేర్పించిన బంధువులా ఆయన మొహంలోకే చూస్తోంది.

"బతుకుతుందంటారా?" అంది.

"బతక్కేం చేస్తుందమ్మా, గట్టి ప్రాణం," అన్నాడు మేస్త్రి.

ఆ కారులో ఆమె చాలా ఏళ్లు ఇల్లిల్లూ తిరిగింది. మంచం పట్టినవాళ్ల పుళ్లు కడగడం, కట్లు మార్చడం, సూదులు వేయడం ఆమె పని. ఒకరోజు ఎవరింటి మెట్ల మీదో జారి తొడ ఎముక విరగ్గొట్టుకుని తనే మంచం పట్టింది. వేసిన రాడ్డు కుదరక మళ్లీ కోశారు, మళ్లీ కుట్టారు. ఈలోగా కారు వాళ్లన్నయ్య గోడౌన్‌లో టార్పాలిన్ కింద కదలకుండా ఉండిపోయింది. ఇప్పుడు కాలు స్వాధీనంలోకి వచ్చింది, పాత ఇళ్ల నుంచి ఫోన్లు వస్తున్నాయి. కొత్త కారు కొనుక్కోమని ఇంట్లో అంటే ఒప్పుకోలేదు. "దీని క్లచ్ నా కాలికి తెలుసు. కొత్తదాన్ని నా కాలు నమ్మదు," అంది.

ఊళ్లో ఎందరు మెకానిక్కులున్నా ఆమె ఈ షెడ్డుకే రావడానికి కారణముంది. ఈయన్ను అందరూ చెవి మేస్త్రి అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకుని వింటాడు. ఏ బేరింగ్ అరిగిందో, ఏ వాల్వు బిగిసిందో విప్పకుండానే చెబుతాడు. షెడ్డు ముందు టీ తాగుతూ, వీధిలో పోయే బండిని చూడకుండానే "పాపం, ఆ బెల్టు ఇంటిదాకా కూడా పోదు" అనేవాడు. కాసేపటికి ఆ బండి డ్రైవరు తిట్టుకుంటూ నడిచి వచ్చేవాడు.

ఆ చెవులు పోతున్నాయని ఆయనకు తెలిసి చాలాకాలమే అయింది.

మొదట పిచ్చుకలతో మొదలైంది. పడకగది కిటికీ దగ్గర గూడు కట్టిన పిచ్చుకలు ఎటో వెళ్లిపోయాయనుకున్నాడు. ఒకరోజు భార్య, "పొద్దున్నే వీటి గోల ఒకటి, చెవులు తూట్లు పడుతున్నాయి," అని కిటికీ మూసేసింది. మేస్త్రి వెళ్లి చూస్తే పిచ్చుకలు అక్కడే ఉన్నాయి. ముక్కులు తెరిచి మూస్తున్నాయి. చప్పుడు లేదు. ఆ తర్వాత కుక్కరు కూత పోయింది, ఫోన్ మోత పోయింది. లావు శబ్దాలు మాత్రం మునుపటిలాగే ఉన్నాయి. లారీ మోత, తలుపు దబ్‌మనడం, ఇంజిన్ కొట్టుకోవడం అన్నీ వినపడతాయి. సన్నటివే, తీగలాంటివే, ఒక్కొక్కటిగా జారిపోయాయి. కుర్రతనం నుంచీ రేకులు సాగగొట్టే సుత్తుల పక్కనే బతికాడు. ఇంకేమవుతుంది!

ఎవరికీ చెప్పలేదు. చెవి మేస్త్రికి చెవుడట అని టీ కొట్టు దగ్గర నవ్వుకోవడం ఇప్పుడే వినపడుతున్నట్టు ఉండేది. అది మాత్రం బాగా వినపడేది. అందుకని మనుషుల పెదవులు చూడటం నేర్చుకున్నాడు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే పలకలేకపోయేవాడు గనుక, గోడకు వీపు పెట్టి కూర్చునేవాడు. అర్థం కానిదానికల్లా "చూద్దాంలే" అనేవాడు. ఆ ఒక్క మాటతో సంసారమూ షెడ్డూ రెండూ నెట్టుకొస్తున్నాడు.

షెడ్డులో ఆయనకు తోడు బావమరిది, అంటే భార్య తమ్ముడు. వైరింగు పని అతనిది. నోరు మూతపడని మనిషి కావడంతో బావ జవాబు చెప్పినా చెప్పకపోయినా అతనికి లెక్కలేదు. అదీ ఒక రకంగా మేస్త్రికి కలిసొచ్చింది.

కారు పని ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. ట్యాంకులోని పాత డీజిల్ తోడితే వార్నిషులా చిక్కగా, ఘాటైన కంపుతో వచ్చింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీస్తే లోపల ఎలుక కాపురం పెట్టి ఖాళీ చేసిన గూడు, దూదీ గుడ్డపీలికలూ.

"అద్దె కట్టకుండా పారిపోయింది బావా," అన్నాడు బావమరిది.

మేస్త్రి నవ్వాడు. ఆ మాట అతని పెదవుల మీద స్పష్టంగా కనిపించింది కాబట్టి.

ఇంజిన్ ఆయిల్ మార్చారు, కొత్త బ్యాటరీ, కొత్త బెల్టు పెట్టారు, డీజిల్ ఫిల్టర్ వేశారు. తాళం తిప్పితే ఇంజిన్ కాసేపు మూలిగి, దగ్గి, మొత్తానికి అందుకుంది. వెనక గొట్టంలోంచి నీలం రంగు పొగ వచ్చింది. చాలాకాలం పడుకుని లేచిన బండి, లోపల చేరిన చెత్తంతా కాలిపోతే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాడు మేస్త్రి.

నర్సమ్మ తల పక్కకు వాల్చి విన్నది. "మేస్త్రిగారూ, ఈ ఈలేమిటి? ఇదివరకు ఉండేది కాదే?"

మేస్త్రికి అరచేతులు చల్లబడ్డాయి. ఆయనకు ఇంజిన్ వినపడుతోంది, ఫ్యాన్ గాలి వినపడుతోంది. ఈల లేదు.

"అదా... బెల్టు కొత్తది కదమ్మా, రెండ్రోజులు అలాగే ఉంటుంది," అన్నాడు.

బావమరిది ఆయన వైపు ఒకలా చూశాడు. మేస్త్రి ఆ చూపును తప్పించుకుని స్పానర్ల కోసం వంగాడు.

ఆ సాయంత్రం కారును వీధి చివరి ఎత్తు మీదికి తీసుకెళితే సగంలోనే నీరసించింది. ఎంత తొక్కినా వేగం అందుకోలేదు. అది టర్బో ఉన్న బండి. బయటికి పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతల ఉన్న ఇంకో చక్రం గాలిని బలంగా ఇంజిన్‌లోకి తోస్తుంది. ఆ తోపు అందకపోతే బండికి సత్తువ ఉండదు.

"పోనీ టర్బో విప్పి చూద్దామా బావా?" అన్నాడు బావమరిది. "నాకేదో తేడాగా వినిపిస్తోంది."

"టర్బో పోతే నాకు తెలియదా?" మేస్త్రి గొంతు ఆయనకే తెలియకుండా పెద్దదైంది. "టర్బో పోతే ఏడుస్తుందిరా. ఎక్కడ ఏడుస్తోంది? ఇంజెక్టర్లలో పాత డీజిల్ గడ్డకట్టింది. అంతే."

ఇన్నేళ్లలో బావ చెవి తప్పింది లేదు. ఆ నమ్మకమే అతని నోరు మూయించింది.

ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పి కడిగారు, బిగించారు. పొగ తగ్గలేదు. మళ్లీ విప్పారు. మేస్త్రికి తిండి సహించడం మానేసింది. పక్క మీద పడుకుంటే ఆ నీలం పొగే కళ్లముందు ఆడేది. ఆయన మనసులో ఒక మూల ఎవరో, అది టర్బోయేరా అని అంటూనే ఉన్నారు. దాన్ని విప్పితే సులువుగా తెలిసిపోతుంది. కానీ విప్పి చూసి, అది పాడై ఉంటే, ఇన్నాళ్లూ అది తన ముందే ఏడుస్తున్నా తనకు వినపడలేదని తేలిపోతుంది. కారు జబ్బు బయటపెడితే తన జబ్బూ బయటపడుతుంది. మింగలేక కక్కలేక, ఇంజెక్టర్లనే పట్టుకుని వేలాడాడు.

నర్సమ్మ మళ్లీ వచ్చింది. ఎవరో ముసలాయనకు వీపు మీద పుండు పడిందట, వాళ్లమ్మాయి ఫోన్‌లో ఏడ్చిందట, తను ఎంత త్వరగా వెళితే అంత మంచిదట.

"ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దామమ్మా. మీరే కూర్చోండి, క్లచ్ కూడా ఎలా ఉందో చెబుదురుగాని," అన్నాడు మేస్త్రి.

ఆమె లోపల కూర్చుని తాళం తిప్పింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి పక్కన పెట్టి ఉంది. గాలి గొట్టం మూతి తెరిచే ఉంది. మేస్త్రి స్క్రూడ్రైవర్ ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. ఇంజెక్టర్లు కొట్టుకోవడం సమంగా ఉంది. హమ్మయ్య అనుకున్నాడు.

"కొంచెం రేసివ్వండమ్మా," అని అరిచాడు.

ఆమె తొక్కింది. మోత పెరిగింది. ఇంకా పెరిగింది. స్క్రూడ్రైవర్ పిడి ఆయన కణత మీద గడగడ వణికింది. ఎందుకింత తొక్కుతోందీవిడ అనుకుని కళ్లు తెరిచాడు. ఎదురుగా బావమరిది నోరంతా తెరిచి అరుస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. మాటలు అందలేదు గానీ మొహం అందింది. వెనక్కి తిరిగితే వీధి వీధంతా నీలం పొగ. ఎదురింటి అరుగు కనిపించడం లేదు.

"కట్టెయ్యండి! తాళం తీసెయ్యండమ్మా!"

నర్సమ్మ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టింది. తాళంచెవి ఆమె వేళ్ల మధ్యే ఉంది. ఎప్పుడో తీసేసింది. పెడల్ మీద కాలు కూడా లేదు. ఇంజిన్ మాత్రం దానంతటదే ఉరుకుతోంది.

ఇలాంటిది మేస్త్రి జన్మలో ఒక్కసారే చూశాడు. ఆయిల్ బయటికి కారకుండా ఆపే టర్బో సీళ్లు పోయి, ఇంజిన్ ఆయిల్ గాలితో పాటు లోపలికి పోతోంది. డీజిల్ ఇంజిన్‌కు మండటానికి నిప్పురవ్వ అక్కర్లేదు. నూనె దొరికితే చాలు, డీజిల్ ఆపేసినా దాని సొంత ఆయిల్ అదే తాగుతూ, తాగినకొద్దీ ఇంకా వేగం అందుకుంటూ, చివరికి ముక్కలై పేలిపోయేదాకా ఆగదు. ఆపాలంటే గాలి ఆపాలి.

ఆ సంగతి బావమరిదికీ తట్టినట్టుంది. వంగి, తెరిచి ఉన్న గాలి గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టబోయాడు. మేస్త్రి అతన్ని భుజంతో ఒక్క తోపు తోశాడు. ఆ గొట్టం ముందు చెయ్యి పెడితే చెయ్యి మిగలదు. కాలికి తగిలిన పీటను లాగి, తను రోజూ కూర్చుని పనిచేసే ఆ చెక్కపీటను, గొట్టం మూతికి రెండు చేతులతో అదిమాడు. గొట్టం దాన్ని పట్టుకుని లోపలికి పీల్చింది. కారు మొత్తం ఊగిపోయింది. ఇంజిన్ ఒకసారి గుటక పడ్డట్టయి, ఇంకోసారి కుదిపి, దడేల్‌మని ఆగింది.

పొగ మెల్లగా తేలిపోతోంది. నర్సమ్మ కర్ర లేకుండానే దిగి తలుపు పట్టుకుని నిలబడింది. మేస్త్రి చేతులు పీటను వదలడం లేదు. వదలమని తను చెప్పినా అవి వినడం లేదు.

నర్సమ్మే ముందు మాట్లాడింది. ఆయన ఎదురుగా వచ్చి, మొహం కనిపించేలా నిలబడి, మెల్లగా అడిగింది. "మేస్త్రిగారూ, ఆ ఈల మీకు వినపడిందా? మొన్నగానీ, ఇవాళగానీ?"

ఈసారి మేస్త్రి "చూద్దాం" అనలేదు. తల అడ్డంగా ఊపాడు.

"ఎన్నాళ్లనుంచి?"

"చాన్నాళ్లనుంచేనమ్మా."

జాలి పడతాడనుకున్న బావమరిది ఒక్కసారిగా భగ్గుమన్నాడు. "అంటే నేను టర్బో అన్నప్పుడు నీకు వినపడకుండానే నా మీద అరిచావా? నువ్వు చెప్పావని ఇంజిన్ మీదికి వంగి నిలబడ్డాను బావా! ఇనుప ముక్కలు ఎగిరుంటే నా పిల్లలకు ఎవడు సమాధానం చెప్పేవాడు? నేను గొంతు చించుకుని అరుస్తుంటే నువ్వు కళ్లు మూసుకుని నిలబడ్డావు!"

బావమరిది చేతిలోని గుడ్డ నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. మేస్త్రి ఒక్కడే షెడ్డు తెరిచాడు. బండి దగ్గరికి వెళ్లాలంటే భయం, ఊరుకుంటే ఇంకా భయం. ఆ పరుగుకు ఇంజిన్ లోపల ఏం వంగిందో, ఏం విరిగిందో! నర్సమ్మ బండిని బాగుచేయబోయి చంపేశానా అన్న ఆలోచన పురుగులా తొలిచింది. ఇంజిన్‌ను చేత్తో, పానాతో, అంగుళం అంగుళం తిప్పి చూశాడు. ఎక్కడా పట్టేయలేదు. ఒక్కో సిలిండర్‌కూ గేజి పెట్టి లోపలి ఒత్తిడి చూశాడు. ముల్లు ప్రతిసారీ నిలబడాల్సిన చోటే నిలబడింది. అప్పటికి కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ తర్వాత టర్బో విప్పాడు. ఇరుసును వేళ్లతో పట్టుకుని కదిపితే వదులైన పన్నులా అటూ ఇటూ ఆడింది. చక్రం అంచు గోడకు రాసుకుని మెరుస్తోంది. ఆ రాపిడే ఈల. కొత్త పిల్లవాడైనా చేత్తో పట్టి చెప్పేయగల జబ్బు! అయితే మేస్త్రి అక్కడితో ఆగలేదు. సీళ్లు ఎందుకు పోయినట్టు? టర్బోలోకి వచ్చిన ఆయిల్ కిందికి దిగిపోయే సన్నటి గొట్టం విప్పి, తీగ దూర్చి చూశాడు. తీగ దిగలేదు. ఏళ్ల తరబడి నిలవున్న పాత ఆయిల్ అందులో తారులా గట్టిపడి దారి మూసేసింది. కిందికి దారి లేక ఆయిల్ సీళ్లను తోసుకుని గాలి గొట్టంలోకి పోయింది. అది చూడకుండా కొత్త టర్బో బిగించి ఉంటే అదీ ఇలాగే పోయేది. గాలిని చల్లబరిచే డబ్బా విప్పి వంచితే లోపలినుంచి ఆయిల్ ధారగా కారింది. దాన్నీ అలాగే వదిలేసి ఉంటే బండి మళ్లీ ఉరికేది.

ఆయన ఆ డబ్బాను బోర్లించి పట్టుకుని ఉండగా ఎదురుగా భార్య వచ్చి నిలబడింది. ఇంట్లో బట్టలు కుట్టే మనిషి షెడ్డుకు రావడం అరుదు. మెడలో టేపు తీయకుండానే వచ్చేసింది. వెనక, వాకిట్లో, బావమరిది చేతులు కట్టుకుని మొహం అటు తిప్పుకుని ఉన్నాడు.

"వీడొచ్చి చెప్పాడు," అంది. "ఇన్నాళ్లూ నేనేమనుకున్నానో తెలుసా? పిలిస్తే పలకరు. అడిగితే చూద్దాంలే అంటారు. నా మీద మనసు విరిగిందేమో అనుకున్నా. నేనేం తప్పు చేశానా అని కుట్టు ముందు కూర్చుని ఎన్నిసార్లు వెతుక్కున్నానో!"

మేస్త్రి డబ్బా కింద పెట్టాడు. ఈ సంగతి ఆయనకు ఎన్నడూ తట్టలేదు. జనం నవ్వుతారని భయపడ్డాడు, షెడ్డు మూతపడుతుందని భయపడ్డాడు. ఈ మనిషి ఇంట్లో కూర్చుని ఇలా నలిగిపోతోందని ఊహించలేదు.

"నీ మీద మనసు విరగడమేమిటే పిచ్చిదానా," అన్నాడు. కళ్లు తుడుచుకోబోతే చెయ్యంతా ఆయిల్. ఆమే కొంగుతో తుడిచింది.

బావమరిది లోపలికి వచ్చి, మూసుకుపోయిన గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఇదా సంగతి," అన్నాడు. అతను అంత తక్కువగా మాట్లాడటం అదే మొదటిసారి.

టర్బోలు బాగుచేసే ఆయన దగ్గర కొత్త బేరింగులూ సీళ్లూ వేయించుకొచ్చారు. గొట్టం మార్చారు, ఉన్న పైపులన్నీ కడిగి ఆరబెట్టారు. స్టార్ట్ చేసే రోజున మాత్రం ఎవరి చెయ్యీ తాళం మీదికి పోలేదు. ముందు డీజిల్ అందకుండా చేసి, టర్బోకు ఆయిల్ చేరేదాకా ఇంజిన్‌ను ఊరికే తిప్పారు. తర్వాత నర్సమ్మను దూరంగా అరుగు మీద కూర్చోబెట్టారు. గాలి గొట్టం పక్కన మందపాటి చెక్క ఒకటి సిద్ధంగా పెట్టుకున్నారు.

"ఈసారి నువ్వు విను," అన్నాడు మేస్త్రి బావమరిదితో. "పెదవులతో గాలి ఊదినంత సన్నగా ఉంటే ఫరవాలేదు. రేకు మీద గోరు గీసినట్టుంటే వెంటనే చెయ్యెత్తు. నేను నీ చెయ్యే చూస్తుంటా."

బావమరిది సీట్లో కూర్చుని, తల కిటికీలోంచి బయటికి పెట్టి తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. మేస్త్రి వేళ్లు గాలి గొట్టం మీద ఉన్నాయి, కళ్లు బావమరిది మీద. బావమరిది కనుబొమలు ముడిపడ్డాయి. చెయ్యి లేవలేదు. రేసు పెంచారు. వేళ్ల కింద గొట్టం గట్టిపడి ఉబ్బింది. గాలి బలంగా తోస్తోందని అర్థం. పొగ మొదట కాస్త నీలంగా వచ్చి, పలచబడి, పోయింది. తాళం తీశారు. ఇంజిన్ ఆగింది. మళ్లీ పెట్టారు, మళ్లీ తీశారు. ఆగమన్నప్పుడల్లా ఆగింది.

"ఎలా ఉందిరా?"

"బాగుంది బావా. నిజంగా బాగుంది," అని, బావ పెదవులే చూస్తున్నాడని గుర్తొచ్చి, బావమరిది ఆ మాటే ఇంకోసారి నిదానంగా అన్నాడు.

ఆ సాయంత్రం వీధి చివరి ఎత్తును కారు ఆయాసపడకుండా ఎక్కింది. నర్సమ్మే నడిపింది. కిందికి వచ్చాక, "నా బండికి మీరు వైద్యం చేశారు. ఇప్పుడు నాతో మీరు రావాలి," అంది. చెవుల పరీక్ష చేసే చోట ఏ రోజు రావాలో కూడా మాట్లాడి పెట్టిందట. మేస్త్రి "చూద్దాం" అనబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు.

అద్దాల చిన్నగదిలో చెవులకు తొడుగులు పెట్టి, చేతికి ఒక మీట ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. లావు శబ్దాలకు చకచకా నొక్కాడు. తర్వాత ఏమీ లేదు. వస్తోందా? వచ్చి పోయిందా? అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి వేళ్లు కదులుతున్నాయి. మేస్త్రికి పరీక్ష తప్పుతున్న పిల్లవాడిలా చెమట పట్టింది. ఆమె వేళ్లు చూసి ఒకసారి నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు.

ఆ అమ్మాయి తలుపు తీసి లోపలికి వచ్చింది. "తాతగారూ, ఊహించి నొక్కకండి. వినపడినప్పుడే నొక్కండి. వినపడకపోవడం తప్పేం కాదు."

కుర్చీని గోడ వైపు తిప్పింది. మేస్త్రి మీట పట్టుకుని గోడ చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు, ఏమీ నొక్కకుండా.

ఆయనకు చెవి మిషను పెట్టారు. మొదటిరోజు షెడ్డులో దాంతో సుత్తి దెబ్బ వినగానే తల పగిలినంత పనై తీసి జేబులో వేసుకున్నాడు. ఇంట్లో పెట్టుకుంటున్నాడు. పోయిన చెవులు అలాగే తిరిగిరావని పరీక్ష చేసిన అమ్మాయి చెప్పింది, రాలేదు కూడా. బళ్లు వస్తూనే ఉన్నాయి. టీ కొట్టు దగ్గర కొన్నాళ్లు నవ్వుకున్నారు, తర్వాత ఇంకో మాట దొరికి దీన్ని వదిలేశారు. ఇప్పుడు వినేది బావమరిది, విప్పి పట్టి చూసేది మేస్త్రి. ఇద్దరికీ రోజూ ఏదో ఒక తగువు. ఏ ఇంజిన్‌కైనా మొదటిసారి తాళం తిప్పేటప్పుడు మేస్త్రికి ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి. బావమరిదికి ఆ సంగతి చెప్పేశాడు. తనకూ అంతేనన్నాడతను.